చర్చిలో చప్పుడు ఆగినప్పుడు

నేను పిరికిదాన్ని. ఈ వయసులో ఒప్పుకుంటే పోయేదేమీ లేదు. పాముకు భయపడను, చీకటికి భయపడను, చేతిలో సంచి కనబడితే మీదికురికే మా వీధి కోతులకు కూడా భయపడను. నా భయం వేరే రకం. పెద్ద చప్పుడొకటి సాగుతూ సాగుతూ ఉన్నట్టుండి ఆగిపోతే నా గుండె జారిపోతుంది. మిక్సీ ఆగినా అంతే, బస్సు ఇంజను ఆగినా అంతే. మా కోడలు నవ్వుతుంది. "అందరికి సప్పుడైతే తలకాయనొప్పి, మా అత్తమ్మకు సప్పుడు లేకుంటె తలకాయనొప్పి" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. నవ్వితే నవ్వనీ అని ఊరుకుంటాను.

మొన్న మనుమరాలు నన్ను జగిత్యాలలో ఒక పాత చర్చికి లాక్కుపోయింది. పిల్ల కీబోర్డు నేర్చుకుంటోంది. ఏళ్ళ తరబడి మూలకు పడి ఉన్న ఆర్గన్‌ను బాగు చేయించారనీ, హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి వాయిస్తాడనీ, ఎవరైనా పోయి వినొచ్చనీ దాని మ్యూజిక్ సారు చెప్పాడట. "చర్చిల మనకేం పని బిడ్డా" అన్నాను. నిజానికి అది సాకు. ఆర్గన్ అనే మాటంటేనే నాకు భయం. ఆ సంగతి చిన్నపిల్లతో ఏం చెబుతాం?

పోయి తలుపు పక్కన చివరి బెంచీలో కూర్చున్నాను. భయస్తులు ఎప్పుడూ తలుపు దగ్గరే కూర్చుంటారు. వాయించేవాడు కుర్రవాడే, గడ్డం కూడా సరిగ్గా రాలేదు. వేళ్ళు పెట్టీపెట్టగానే కింద బెంచీ పలకలోంచి చప్పుడు నా వెన్నులోకి ఎక్కింది. కాసేపటికి భయం మరచిపోయి వింటున్నాను. అంతలో ఆ పిల్లవాడు ఒక్కసారిగా చేతులు పైకెత్తాడు.

నిశ్శబ్దం. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు.

"నానమ్మా, నొస్తుంది" అన్నది మనుమరాలు. చూస్తే దాని మణికట్టు నా గుప్పిట్లో ఉంది. "ఏమైంది, చెయ్యి గిట్ల సల్లగయ్యింది?"

"అయిపోయిందా?" అన్నాను.

"లే, ఒక్క పార్టే అయింది. ఇంకున్నయ్. నడుమల చప్పట్లు కొట్టొద్దని ముందే చెప్పిండ్రు గదా."

"నడుమ ఆపుతరా?"

"ఆపుతరు. గట్లనే ఉంటది."

అదీ సంగతి. నడుమ ఆపుతారట. గట్లనే ఉంటుందట. ఈ ఒక్క ముక్క నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను. మళ్ళీ అనుకున్నాను, చెప్పకపోవడమే మంచిదయిందేమో అని.

మాది సిరిసిల్లలో సాంచాల వాడ. కరెంటుతో నడిచే మగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. ముందు గదిలో సాంచాలు, వెనక గదిలో మేము. పొద్దున లేస్తే సాంచాల మోత, పడుకుంటే సాంచాల మోత. ఒకరి చెవిలో ఒకరం నోరు పెట్టి అరుచుకునేవాళ్ళం, అందుకే మా వాడవాళ్ళు ఎక్కడికి పోయినా గుసగుస అనేది చేతకాదు. ఇంటినిండా ఇంజనాయిలు వాసన, నూలుకు పట్టించే గంజి వాసన. నూలు నూగు ఎగిరెగిరి మా తలల మీద, గోడల మీద, ఆఖరుకు తాగే చల్లలో కూడా తేలేది. వేలితో తీసి పారేసి తాగేవాళ్ళం. అవ్వ, అంటే మా అమ్మ, ఒక చేత్తో నూలు కండెలు చుడుతూ ఇంకో చేత్తో పొయ్యి మీద సర్వపిండి తిప్పేది. మాడిన అంచు నాకు, మెత్తటి నడుమ ముక్క మా నాయనకు, బాపుకు. ఆ అంచు కోసం నేను పొయ్యి దగ్గర కాపలా కాసేదాన్ని.

ఆ మోతలోనే పుట్టి ఆ మోతలోనే పెరిగాం కనుక మాకు అది చప్పుడే కాదు. అది ఆగితేనే చప్పుడు. రెండు సందర్భాల్లో ఆగేది. ఒకటి కరెంటు పోయినప్పుడు. ఇంకొకటి వాడలో మనిషి పోయినప్పుడు.

మనిషి పోతే ఎవరూ ఇల్లిల్లు తిరిగి చెప్పేవాళ్ళు కాదు. చావు జరిగిన ఇంటి సాంచాలు ఆపేసేవాళ్ళు. పక్కింటి మోత ఆగింది గనక వీళ్ళూ ఆపేవాళ్ళు, వీళ్ళది ఆగింది గనక ఆ పక్కవాళ్ళు. అట్లా వాడంతా ఆగేది. మరి కరెంటు పోయిందా మనిషి పోయిందా తెలిసేదెట్లా? పిల్లలం మేమొక గుర్తు పెట్టుకున్నాం. కరెంటు పోతే అందరూ బయటికొచ్చి ఒర్రుతారు, నవ్వుతారు, బీడీలు ముట్టించుకుంటారు. మనిషి పోతే ఎవరూ మాట్లాడరు. తలలు దించుకుంటారు. మోత ఆగగానే నేను ఊపిరి బిగబట్టి వినేదాన్ని. ఎవరైనా "కరెంటు వాయె" అని అరిస్తే బతుకు జీవుడా అనుకునేదాన్ని. ఎవరూ అరవకపోతే పరుగెత్తి అవ్వ కొంగులో దూరేదాన్ని.

మా పక్కింటి పిల్ల ఒకనాడు చేసిన పని చెబితే ఈ పద్ధతి ఎంత గట్టిదో తెలుస్తుంది. వాళ్ళ నాయన అన్నానికి ఎంత పిలిచినా సాంచ దగ్గరి నుంచి లేవడం లేదని, అది పోయి మెయిన్ స్విచ్ దించేసింది. ఇంకేముంది, పక్కిల్లు ఆగింది, మా ఇల్లు ఆగింది, వాడ చివరిదాకా ఆగింది. అందరూ తలలు దించుకుని బయటికొచ్చి ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు, పోయిందెవరో ఎవరికీ తెలియదు. వాడ మూలన మంచం పట్టి ఉన్న ఒక ముసలమ్మ లోపలి నుంచి అరిచింది.

"ఎవలు వోయిండ్రే? నేనేనా ఏంది?"

వాడ వాడంతా నవ్వీ నవ్వీ ఏడ్చింది. పక్కింటి పిల్లకు వీపు విమానం మోత మోగింది. ఆ ముసలమ్మ మాట చాన్నాళ్ళు మా వాడలో సామెత లాగా నడిచింది. ఎవరైనా మాట వినిపించుకోకపోతే "నువ్వేనా ఏంది వోయింది?" అనేవాళ్ళం.

ఆ వానకాలమే అవ్వ కాన్పుకని కోరుట్లలో ఉన్న పుట్టింటికి పోయింది. బాపు సాంచాలు వదిలి రాలేడు. బడి ఎగ్గొట్టే మహా అవకాశం కాబట్టి నేను అవ్వ వెంట పడ్డాను. అక్కడ తాతది గుంటమగ్గం. నేలలో గుంట, ఆ గుంటలో కాళ్ళు, కాళ్ళ కింద తొక్కుడు చెక్కలు. కరెంటు లేదు, తాత కాళ్ళే కరెంటు. తాత లేనప్పుడు నేను గుంటలోకి దిగి చెక్కలు చేతులతో నొక్కి ఆడుకునేదాన్ని. పోగులు తెగితే పిల్లి మీద పెట్టేదాన్ని.

ఆ ఆటలు ఎక్కువ రోజులు సాగలేదు. మంత్రసాని అవ్వ కడుపు తడిమి చూసి మొహం ముడుచుకుంది. కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందన్నది. మా అమ్మమ్మ నెత్తిన చేయి పెట్టుకుంది. సరిగ్గా ఆనాడే మేడిపల్లి నుంచి అమ్మమ్మ చెల్లెలు కాల్చిన మక్కకంకుల మూట పట్టుకుని దిగింది. ఆవిడ నోరు మంచిదే గానీ మంచి మాట అందులోంచి ఎప్పుడూ రాలేదు.

"మిషన్ దవఖానకు గొంచవోతరా అక్కా? ఆడ కడుపు కోస్తరట గదనే. మా ఊళ్ళె ఒకామె గిట్లనే బండెక్కి వోయింది. మల్ల రాలె" అని కంకి గింజలు నోట్లో వేసుకుంటూ చెప్పింది.

"నీ నోట్లె మన్నువడ, పిల్ల ఇంటాంది" అన్నది అమ్మమ్మ.

పిల్ల విననే విన్నది. చేతిలో ఉన్న కంకి కింద పెట్టేశాను. ఈనాటికీ మక్కకంకి కాలే వాసన వస్తే దూరంగా జరిగిపోతాను.

మిషన్ దవఖానా ఊరికి ఎడంగా చెట్ల మధ్య ఉండేది. దానికి ఆనుకునే రాతి చర్చి. డాక్టరమ్మ తెల్లచీర కట్టుకున్న నడివయసు మనిషి. చూసి, రెండు రోజులు ఆగుదామనీ, బిడ్డ తిరక్కపోతే ఆపరేషన్ చేయాల్సిందేననీ చెప్పింది. అమ్మమ్మ దుఃఖంలో కూడా బీడీల చాట మరచిపోలేదు. వరండాలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ బీడీలు చుడుతుంటే, అక్కడ పనిచేసే ఆయమ్మ వచ్చి కసిరింది. "ఓ పెద్దమ్మా, ఇది దవఖాననా, బీడీల కార్ఖాననా?" అమ్మమ్మ చాటను కొంగు కింద దాచింది, ఆయమ్మ అటు పోగానే మళ్ళీ తీసింది. ఆ ఆయమ్మదీ కోరుట్లే. పొద్దున నాకు చాయలో ముంచి డబుల్ రొట్టె పెట్టింది కాబట్టి అప్పటినుంచి నేను ఆమె మనిషిని.

రోగుల మూలుగులు, ఫినాయిలు వాసన ఇవేవీ నన్ను భయపెట్టలేదు. అక్కడ మోత లేదు, అదే భయం. చెట్లు, చినుకులు, అంతే. పగలంతా మనిషి పోయిన వాడలో ఉన్నట్టే ఉండేది. అవ్వ మంచం మీద కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తూ పడుకునేది.

"నిద్ర వడ్తలేదు బిడ్డా" అన్నది నాతో. "గింత సప్పుడు లేకుంటె ఎట్ల పండుకుంటరో వీళ్ళు. నాకు బుగులైతాంది."

అవ్వకు బుగులు! నా బుగులుకు నేను దాక్కునే చోటు అవ్వ కొంగు. ఆ కొంగుకే బుగులైతే నేనెక్కడికి పోవాలి? పళ్ళెం బోర్లించి మంచం పక్కన నేల మీద కూర్చుని, సాంచ నడిచినట్టు వేళ్ళతో కొట్టడం మొదలుపెట్టాను. టక్ టక్, టక్ టక్. అవ్వ కళ్ళు మూసుకుంది. ఒక నర్సమ్మ వచ్చి పళ్ళెం లాక్కుపోయింది. లాక్కుంటే ఏం, మంచం కోడు ఉంది కదా అని దానిమీద కొట్టాను.

ఆ మరునాడు చర్చిలోంచి ఒక మోత వచ్చింది. కంచె సందులోంచి దూరి పోయి చూశాను. పెద్ద చెక్క అల్మరా లాంటిది గోడకు ఆనించి ఉంది, దాని ముందు దళసరి కళ్ళద్దాల ముసలాయన ఒకడు కూర్చున్నాడు. పట్నం నుంచి వచ్చిన సంగీతం మాస్టరు, మరునాటి సాయంత్రం అందరి ముందూ వాయించడానికి సరిచూసుకుంటున్నాడని తరువాత ఆయమ్మ చెప్పింది. నేను ఆయన చేతులు చూడలేదు. కాళ్ళు చూశాను. మేజోళ్ళ కాళ్ళతో, చినిగిన మేజోడులోంచి బొటనవేలు బయటికి చూస్తుండగా, కింద రెండు చెక్కలు మార్చి మార్చి తొక్కుతున్నాడు. అచ్చం మా తాత గుంటలో తొక్కినట్టే. కాళ్ళు ఆగితే మోత కూడా సన్నగిల్లి పోతోంది. ఓహో, ఇదీ మగ్గమే అనుకున్నాను. ఆయన అటు తిరిగినప్పుడు మెల్లగా వంగి ఒక చెక్కను చేత్తో నొక్కాను. లోపల ఏదో పెద్ద జంతువు ఊపిరి తీసుకున్నట్టయింది. కాలికి బుద్ధి చెప్పాను.

మరునాడు మధ్యాహ్నం అవ్వకు నొప్పులు వచ్చాయి. బిడ్డ తిరగలేదు. డాక్టరమ్మ ఆపరేషన్ అన్నది. అవ్వను చక్రాల బండి మీద తీసుకుపోతుంటే నేను బండి ఇనుప కడ్డీ పట్టుకుని వెంట నడిచాను. అవ్వ నా వేళ్ళు ఒక్కొక్కటే విడిపించింది.

"అమ్మమ్మ తాన ఉండు బిడ్డా. ఏడ్వకు" అన్నది. తనే ఏడుస్తోంది.

తలుపు మూసుకుంది. అమ్మమ్మ ఆ తలుపు ముందే నేల మీద కూలబడింది. బీడీల చాట ఎక్కడ పడేసిందో చూసుకోలేదు. అది చూసి నాకు అర్థమయింది, ఇది మామూలు కష్టం కాదని. మేడిపల్లి అమ్మమ్మ మాట చెవుల్లో గింగిరాలు తిరుగుతోంది. బండెక్కి పోయింది, మల్ల రాలె.

"ఈ పొల్లను జర నీ ఎంబడి తీస్కపో" అని అమ్మమ్మ ఆయమ్మ చేతిలో నన్ను పెట్టింది. "ఈడుంటె ఏడ్సి ఏడ్సి పానం తీస్కుంటది."

అట్లా నేను ఆ సాయంత్రం చర్చిలో కూర్చున్నాను. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. తడిసిన గొడుగుల వాసన, కొవ్వొత్తుల వాసన, కొబ్బరినూనె వాసన. ముందు వరుసలో తెల్లగుడ్డ పరిచిన కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది.

"గది ఎవలది?" అని ఆయమ్మను అడిగాను.

"డాక్టరమ్మది. ఆమెనే పిలిపిచ్చింది గీ సారును. పని అయినంక అస్తది."

పని అంటే మా అవ్వ. ఆ కుర్చీ ఖాళీగా ఉన్నంతసేపు లోపల ఇంకా ఏదో జరుగుతోందన్నమాట. నేను కుర్చీ మీదినుంచి చూపు తిప్పలేదు.

మాస్టరు మొదలుపెట్టాడు. ఏమి వాయించాడో నాకప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. పాటలా లేదు. ఒక పోగు వచ్చింది, దాని పక్కనుంచి ఇంకో పోగు, పైనుంచి అడ్డంగా ఒకటి, అన్నీ కలిసి బట్ట అయినట్టు ఒక మోతగా సాగింది. గోడలు అదిరాయి. కిటికీ అద్దాలు గరగరమన్నాయి. పక్కనే దవఖానా కనుక ఈ మోత అవ్వకు కూడా వినబడుతుందనుకున్నాను. ఆ అనుకోవడంతోనే నా ఊపిరి కాస్త సర్దుకుంది. మోత ఉంది. మోత ఉన్నంతసేపు ఎవరికీ ఏమీ కాదు.

ఆగిపోయింది.

మాస్టరు చేతులు ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. కాళ్ళు కూడా ఆపేశాడు. నేను ఎవరైనా ఒర్రుతారేమో అని విన్నాను. ఎవరూ ఒర్రలేదు. నవ్వలేదు. దేవుని సన్నిధి కనుకేమో, అందరూ తలలు దించుకున్నారు. ఆయమ్మ కూడా కళ్ళు మూసుకుని తల దించింది. కుర్చీ ఖాళీగా ఉంది.

నాకు తెలిసిన లెక్క ఒక్కటే. మోత ఆగి, మనుషులు తలలు దించుకుంటే, అవతల ఎవరో పోయినట్టు.

ఎట్లా లేచానో, బెంచీల మధ్య ఎట్లా ఉరికానో తెలియదు. మాస్టరు కాళ్ళ దగ్గర పడ్డాను. "ఆపకుండ్రి! తొక్కుండ్రి! తొక్కుండ్రి!" అని అరిచాను. ఆయన మోకాలు పట్టుకుని కిందికి నొక్కుతున్నాను. జనంలో కలకలం రేగింది. పాస్టరయ్య లేచి వచ్చి నా రెక్క పట్టుకున్నాడు. ఆయమ్మ పరుగున వచ్చింది.

"ఏమంటోందమ్మా ఈ పాప?" అన్నాడు మాస్టరు. కోపం లేదు, బెదిరిపోయి ఉన్నాడు.

"ఏందే, ఏమైందే?" అని ఆయమ్మ నా గడ్డం పట్టుకుంది.

"సాంచాలు ఆగినయ్" అన్నాను. "మా అవ్వ వోయింది. మల్ల నడ్పుమను. మల్ల నడ్పుమను."

ఆయమ్మ నోటి మీద చేయి వేసుకుంది. కోరుట్లలోనూ మగ్గాలున్నాయి కనుక ఆమెకు తెలిసింది. "సారూ, ఇది నేతోళ్ళ పొల్ల. వాళ్ళ వాడలల్ల మనిషి వోతెనే మగ్గం ఆపుతరు. దీని తల్లికి ఆడ ఆపరేషన్ నడుస్తాంది" అన్నది.

మాస్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. పాస్టరయ్యను చేయి వదలమని సైగ చేశాడు. నా వైపు వంగాడు.

"నాకు మోకాళ్ళ నొప్పులమ్మా. నువ్వు తొక్కుతావా? నీ కాళ్ళకు అందవు, చేతులతో నొక్కు. నువ్వు ఆపితేనే ఇది ఆగుతుంది. సరేనా?"

తలాడించి కింద దూరాను. చెక్కలు గట్టివి, మా తాత చెక్కలకంటే గట్టివి. బరువంతా వేసి నొక్కాను, ఒకటి, మళ్ళీ ఇంకొకటి. నా తల పైన మోత లేచింది. కింద పాత చెక్క వాసన, ఎలుకల వాసన, మాస్టరు మేజోళ్ళ వాసన. ఆయన పక్కకు మడిచిపెట్టుకున్న కాళ్ళు, ఆ బయటికి చూసే బొటనవేలు. భుజాలు పీకుతున్నాయి. ఏడుపు ముక్కులోంచి కారుతోంది, తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. ఒక పాట అయిపోతే ఆగకుండానే ఇంకో దాంట్లోకి పోయాడు, దాంట్లోంచి మరొక దాంట్లోకి. కీర్తనలే వాయించాడో, వచ్చిందల్లా వాయించాడో, నాకోసం ఆ ముసలాయన ఎక్కడా తెంపలేదు. నేను కూర్చున్న చోటినుంచి మనుషులు కనబడరు. ఆ ఖాళీ కుర్చీ కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి. చూడలేక కళ్ళు మూసుకున్నాను. మూసుకుంటే మరీ భయం వేసి తెరిచాను.

అట్లా ఎంతసేపో చెప్పలేను. చేతులకు స్పర్శ పోయింది. అప్పుడు ఆ కుర్చీ కాళ్ళ పక్కకు రబ్బరు చెప్పులు వచ్చి ఆగాయి. వాటి మీద నీళ్ళ చుక్కలు. పైన తెల్లచీర అంచు.

నొక్కుతూనే ఉన్నాను.

చీర అంచు వంగింది. డాక్టరమ్మ మొహం కిందికి వచ్చింది. "ఇక్కడున్నావా నువ్వు? మీ అమ్మ బాగుంది. తమ్ముడు పుట్టాడు" అన్నది.

విన్నాను గానీ ఆపలేదు. ఆపితే ఆ మాట అబద్ధమయిపోతుందేమో అని భయం. డాక్టరమ్మకు అది అర్థమయిందో లేదో తెలియదు, నా పక్కనే నేల మీద చతికిలబడి తన చేతులు కూడా ఒక చెక్క మీద వేసింది. ఆ చేతులకు ఇంకా మందు సబ్బు వాసన. పైనుంచి మాస్టరు గట్టిగా చెప్పాడు, "పాపా, ఇప్పుడు ఆపుతున్నాను. ఊరికే ఆపుతున్నాను, ఎవరికీ ఏమీ కాలేదు. సరేనా?" సరేనన్నాను. మోత ఆగింది. ఆగగానే చర్చిలో జనమంతా ఒక్కసారిగా మాట్లాడారు, నవ్వారు, ఎవరో ఏడ్చారు కూడా. కరెంటు పోయినప్పటి వాడలాగా ఉంది. అప్పుడు నమ్మాను.

అవ్వను చూడనిచ్చింది మరునాడే. మొహం పాలిపోయి ఉంది. పక్కన తమ్ముడు, ఎర్రగా, ముడతలతో, అంత గొడవ చేసినవాడిలా లేడు. నేను చేసిన ఘనకార్యం అమ్మమ్మ అప్పటికే చెప్పేసింది. తిడుతుందనుకుని దూరంగా నిలబడ్డాను.

"ఇటు రా" అన్నది అవ్వ. "నడుమ ఆగింది గదనే?"

"నీకినవడ్డదా?"

"ఎన్నుపూసల సూదేసిండ్రు. సోయిలనే ఉన్న, అన్ని తెలుస్తనె ఉండె. కిటికీలకెల్లి ఇనవడ్డది. మన సాంచాలే అనుకున్న. ఇంట్లనే ఉన్ననుకున్న, బుగులు వోయింది." "నడుమ ఒక్కసారి ఆగింది. గప్పుడు నేనే వోయిన్నేమో అనుకున్న."

మా వాడ ముసలమ్మ అన్న మాటే. ఆ మాటకు ఎంత నవ్వుకున్నామో. ఈసారి నాకు నవ్వు రాలేదు.

"మల్ల సురువైంది" అన్నది అవ్వ. "గప్పుడనుకున్న, నేను వోలేదని." నా అరచేతులు తిప్పి చూసింది. బొబ్బలెక్కి ఉన్నాయి. ఒక్కొక్కటే తన కళ్ళకు అద్దుకుంది.

ఆ మాస్టరును నేను మళ్ళీ చూడలేదు. పొద్దుటి బస్సుకు పోయాడట. తరువాత ఏ చర్చి ముందు నుంచి పోయినా లోపల ఎవరైనా తొక్కుతున్నారా అని చెవి పెట్టేదాన్ని.

ఆనాడు పుట్టిన తమ్ముడే పెద్దయ్యాక బాపు సాంచాలు నడిపాడు. నడిచినన్నాళ్ళు నడిచాయి, తరువాత కూలి గిట్టక, నూలు దొరక్క, ఒక్కొక్కటే పాత ఇనుముకు పోయాయి. సిరిసిల్లలో ఇంకా సాంచాలున్నాయి, మా వాడలో లేవు. ముందు గదిని ఇప్పుడు సెల్లుఫోన్ల దుకాణానికి కిరాయికిచ్చాడు. అవ్వ చివరి రోజుల్లో వెనక గదిలోనే పడుకునేది. నిద్ర పట్టేది కాదు. నేను పోయినప్పుడల్లా మంచం కోడు మీద వేళ్ళతో కొట్టేదాన్ని. కళ్ళు మూసుకునేది.

అవ్వ పోయినప్పుడు నేను పక్కనే ఉన్నాను. పట్టపగలు. తమ్ముడు లేచి ముందు గదిలోకి పోయాడు. ఎందుకో అని వెంట పోయాను. గోడ మీద పాత మెయిన్ స్విచ్ ఉండే చోటికి పోయి, చేయెత్తి, అట్లాగే నిలబడిపోయాడు. అక్కడ సున్నం వేసిన గోడ ఉంది. దించడానికి ఏమీ లేదు. బయట ఆటోలు పోతున్నాయి, ఎక్కడో టీవీ మోగుతోంది, దుకాణంలో ఎవరో ఫోను బేరమాడుతున్నారు. మా అవ్వ పోయిందని వాడలో ఏదీ ఆగలేదు. జన్మంతా ఏ చప్పుడు ఆగుతుందోనని వణికిపోయానో, ఆనాడు ఆ చప్పుడు ఆగక ఏడ్చాను.

మొన్న చర్చిలో ఇదంతా నా బుర్రలో తిరుగుతుండగానే ఆ కుర్రవాడు ఆఖరి పాట ముగించాడు. మోత గోడల్లోకి ఇంకిపోయింది. నిశ్శబ్దం వచ్చింది. ఎప్పటిలాగే నా గుండె జారింది, ఆ భయం ఈ జన్మకు పోదు. మనుమరాలు చప్పట్లకు చేతులెత్తింది. నేను ఆ రెండు చేతులూ పట్టుకున్నాను.

"జరాగు బిడ్డా."

"అయిపోయింది నానమ్మా, ఇప్పుడు కొట్టొచ్చు."

"కొడుదువు. జర సేపు సప్పుడు చెయ్యకు. మా అవ్వ వోయింది."

పిల్ల నా మొహం చూసింది. ఎప్పుడు పోయిందని అడగలేదు. చేతులు దించి, నాతోపాటు తల దించుకుంది.